ప్రూఫ్ చూసుకున్నారా?

ఫారంలో ఇరవై రెండు గళ్ళు.
ఒక్కో గడిలో సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె.
ప్రమాదం ఎక్కువైతే అంకె ఎక్కువ.
ఇన్సూరెన్స్ వాళ్ళకు అంకె చాలు,
దాని వెనక ఉక్కపోత అక్కర్లేదు.

పొద్దున మాదాపూర్.
అద్దం తలుపు నా వేలిముద్ర అడిగింది,
తెలియనిదని ఎర్రగా మెరిసింది.
లోపల కప్పులు, టోపీలు, తాళంచెవి గొలుసులు,
ఎవరెవరి పేర్లో మోయడానికి
వరుసలో నిలబడ్డ నీళ్ళ సీసాలు.
యజమానురాలు దీక్షిత, ముప్పై కూడా లేవు,
"అంతా క్లౌడ్‌లోనే అండీ" అని చెయ్యి పైకి చూపింది.
పైన ఫాల్స్ సీలింగ్ ఉంది.

నాలుగు వేల మంది పట్టిక చూశాను.
పేరు, పుట్టినరోజు, ఇంటి అడ్రసు, టీషర్టు సైజు.
ఏ మేనేజరు పొట్ట ఏ ఏడు ఎంత పెరిగిందో
ఈ గదికి తెలుసు.
పాస్‌వర్డు వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉంది.
మానేసిన వాళ్ళూ గ్రూపులోనే ఉన్నారు.
"తీసేస్తే బాగుండదు కదండీ,
మొన్న పెళ్ళికి కూడా పిలిచారు."

ఆషాఢంలో ఒక మెయిలొచ్చిందట.
తిరుప్పూరు బట్టలాయన రాసినట్టే ఉంది,
ఆయన ఎప్పుడూ చేసే అచ్చుతప్పుతో సహా.
బ్యాంకు మారింది, ఇకనుంచి ఈ ఖాతాకు.
పంపేశారు. ఆరు లక్షల నలభై వేలు.
చెబుతున్నంతసేపూ ఆమె ఒక కప్పును
చెవి పట్టుకుని తిప్పుతూనే ఉంది.

మధ్యాహ్నం ఛత్తాబజార్.
శుభలేఖల దుకాణాల మధ్య జానెడు సందు.
మెషీన్ తిరిగితే గోడమీద కేలండర్ ఊగుతుంది.
వజీహుద్దీన్ సాబ్ ప్రెస్సు,
డీటీపీ అండాలుది.
కంప్యూటర్ వయసెంత అని అడిగాను.
"మా చిన్నోడు బడికి పోయిన యేడు కొన్నం.
వానికిప్పుడు బిడ్డ పుట్టింది."
దిక్కులేని విండోస్, దొంగ కాపీ పేజ్‌మేకర్,
గోడ మీద సుద్దముక్కతో పాస్‌వర్డు:
ఎనిమిది అంకెలు, షాపు ఫోన్ నంబరే.
నా పెన్ను అయిదులు వేసుకుంటూ పోయింది.

కిందటేడు వీళ్ళకీ తగిలింది.
పెళ్ళివారెవరో పెన్‌డ్రైవ్‌లో గణపతి బొమ్మ తెచ్చారు.
విఘ్నం దానితోనే వచ్చింది.
తెల్లారేసరికి తెర మీద ఇంగ్లీషు బెదిరింపు,
పన్నెండేళ్ళ పెళ్ళిళ్ళకు ఒకటే తాళం.
"మేరే గల్లే మే చిల్లర్ హై, డాలర్ కాఁ సే లాఊఁ"
నవ్వి, సాబ్ ఇనప బీరువా తెరిచాడు.
నెగెటివులు. ప్లేట్లు. మసిగుడ్డలో చుట్టిన బ్లాకులు.
తిరగేసిన అక్షరాల్లో వేల వధూవరులు
ఏ తీగకూ తగలకుండా.

అన్నీ దొరకలేదు.
ఒక బడి పిల్లల ఐడీ కార్డుల ఫొటోలు,
ఎవరి దగ్గరున్నాయో ఇప్పటికీ తెలియదు.
ఆ మాట దగ్గర ఇద్దరూ నవ్వలేదు.

"మరి బ్యాంకు మారిందని మెయిలొస్తే?"
"కాయితం సేటుకు ఫోన్ జేస్త," అంది అండాలు.
"గొంతు ఇంట. వాళ్ళమ్మ మోకాలెట్లున్నదో అడుగుత.
జవాబు సక్కగొస్తెనే పైసలు."
దీనికి గడి లేదు నా ఫారంలో.
అంచున రాద్దామంటే అంచూ లేదు.

రిపోర్టు ప్రింటు కావాలి.
నా పెన్‌డ్రైవ్ తీసి మెషీన్ వైపు చెయ్యి చాపాను.
అండాలు సిరా వేళ్ళతో మణికట్టు పట్టుకుంది.
"మేడం, ఇది యాడయాడ తిరిగొచ్చింది?"
పొద్దున మాదాపూర్. నిన్న బాలానగర్.
మొన్న ఎక్కడో, గుర్తు లేదు.

చేత్తోనే రాయించింది, కార్బన్ పెట్టి.
సంతకం చేయబోతుంటే అలవాటు మాట:
"ప్రూఫ్ సూస్కున్నరా? తప్పుంటే ఇప్పుడే జెప్పాలె,
అచ్చయినంక మా పూచీ లేదు."

చూసుకున్నాను.
మాదాపూర్‌కు మూడు. ఛత్తాబజార్‌కు నాలుగు.
కూడికలో తప్పేమీ లేదు.
బస్సులో చూస్తే మణికట్టు మీద
నాలుగు వేలిముద్రలు, నల్లగా.
రాత్రి సబ్బుకు కూడా పోలేదు.